మాడ్ కాలెన్: బురద దారుల్లో నడిచిన నర్సమ్మ

కడుపుతో ఉన్న ఆడమనిషికి డాక్టరు దూరమైతే ఎంత భయమో, ఊరు విడిచి పనికొచ్చిన మనకు ఒకరు చెప్పక్కర్లేదు. అందుకే ఈ ఏడాది మన పుస్తకంలో అమెరికాకు చెందిన ఒక నర్సమ్మ జీవితం చెప్పుకుందాం.

మాడ్ కాలెన్ 1898లో ఫ్లోరిడాలో నల్లజాతి కుటుంబంలో పుట్టారు. చిన్నప్పుడే అమ్మా నాన్నా పోతే, డాక్టరైన బంధువు ఒకాయన పెంచారు. చదువు ముగించి, నర్సు పని నేర్చుకుని, 1923లో దక్షిణ కరొలినాలోని పైన్‌విల్ పల్లెకు మిషన్ నర్సుగా వెళ్లారు. ఇక బతుకంతా అక్కడే గడిచింది.

అక్కడి నల్లవాళ్లు చాలామంది చేతిలో పైసా లేని పేదలు. డాక్టర్లు తక్కువ, దారులు అధ్వానం. పైగా నల్లవాళ్లనూ తెల్లవాళ్లనూ వేరుచేసే చట్టాలు. కాన్పులు ఎక్కువగా మంత్రసానుల చేతుల మీదే. కాలెన్ వాళ్లను తక్కువ చేసి చూడలేదు. కూర్చోబెట్టి నేర్పారు. చేతులు, సామాను శుభ్రంగా ఉంచుకోవడం, నెలలు నిండకముందే తల్లిని పరీక్షించడం, ప్రమాదం కనిపిస్తే డాక్టరు దగ్గరికి పంపడం. తాను కారులో తిరిగేవారు. కారు వెళ్లని చోటికి బురదలో నడిచి వెళ్లేవారు. తన చేతుల మీదుగా వందల మంది బిడ్డలు పుట్టారు.

1951 డిసెంబరులో లైఫ్ పత్రిక యూజీన్ స్మిత్ తీసిన ఆమె ఫొటోలు వేసింది. అవి చూసిన పాఠకులు వేల డాలర్లు పంపారు. ఆ డబ్బుతో 1953లో పైన్‌విల్‌లో క్లినిక్ వెలిసింది. 1971లో రిటైరయ్యాక కూడా ఊరి ముసలివాళ్లకు భోజనం పెట్టే పని చేశారు. 1990లో కన్నుమూశారు.

ఆమె జీవితం మనకు చెప్పేది ఒక్కటే. నొప్పులు వచ్చాక పరిగెత్తడం కాదు, ముందునుంచే చూపించుకోవాలి. కూలి పోతుందని పరీక్ష మానొద్దు. కనీసం నాలుగుసార్లయినా బీపీ, రక్తం, మూత్రం, బరువు చూపించాలి. ముఖం, చేతులు వాచినా, తలనొప్పి ఎక్కువైనా, రక్తం కనిపించినా ఆ పూటే ఆస్పత్రికి వెళ్లాలి. మన దేశంలో పనికోసం ఏ ఊరెళ్లినా మాతా శిశు రక్షణ కార్డు వెంట ఉంచుకోవాలి. కొత్త ఊళ్లో ఆశా కార్యకర్త ఎవరో మొదటి వారమే కనుక్కోవాలి. ఇంటి దగ్గర భార్యను వదిలి వచ్చిన అన్నదమ్ములు ఈసారి ఫోన్ చేసినప్పుడు డబ్బు సంగతికంటే ముందు పరీక్ష సంగతి అడగాలని మా మనవి.