సముద్రగర్భమున ఎడ్మండు హేలీ

మన విద్యార్థులలో హేలీ పేరు విననివారు అరుదు. రమారమి 76 సంవత్సరములకొకసారి కనబడు తోకచుక్కకు ఆయన పేరు పెట్టిరి. అది 1910 లోను, 1986 లోను కనబడినది. మరల 2061 లో రావలసియున్నది. అయితే నక్షత్రములను కొలుచుటలో జీవితము గడపిన ఈ పండితుడే ఒకప్పుడు నలుగురు మనుష్యులతోగూడ సముద్రపుటడుగునకు దిగి, గంటన్నరకు పైగా అచ్చట కూర్చుండెనని ఎఱిగినవారు తక్కువ. ఆ సంగతినే ఇచ్చట కొంత విరివిగా వ్రాయుచున్నాను.

హేలీ 1656 లో లండనునకు సమీపమున హాగర్‌స్టను గ్రామమున జన్మించెను. తండ్రి సబ్బుల వ్యాపారమున ధనము గడించినవాడు. 1673 లో హేలీ ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయమున చేరెను గాని, పట్టము పొందువఱకు నిలువక, ఇరువదియేండ్ల ప్రాయముననే సెయింటు హెలీనా ద్వీపమునకు ఓడయెక్కి, దక్షిణాకాశమందలి 341 నక్షత్రముల స్థానములను నిర్ణయించి పట్టిక ప్రకటించెను. (దీనినిబట్టి పరీక్షలు మానవచ్చునని మన బాలురు తలంపరాదు, ఆయనకు పట్టము పిమ్మట రాజాజ్ఞవలన లభించినది.) న్యూటను పండితుని మహాగ్రంథము 1687 లో అచ్చగుటకు ప్రోత్సాహమును, వ్యయమును హేలీవే. రాయల్ సొసైటీవారు అంతకుముందే చేపలనుగూర్చిన యొక పుస్తకముపై తమ సొమ్మంతయు వెచ్చించి, హేలీకి రావలసిన జీతమునకు బదులు అమ్ముడుపోని ఆ పుస్తకములనే ఇచ్చిరి!

1691 ప్రాంతమున ఇంగ్లండు దక్షిణతీరమున పాగము వద్ద, ఆఫ్రికానుండి బంగారమును ఏనుగుదంతమును తెచ్చుచున్న ఓడ యొకటి మునిగెను. ఆ సొత్తును పైకి దీయు నుపాయమును హేలీ ఆలోచింపసాగెను. నీటిలో దింపు గంటలు అంతకుముందే కలవు. ఒక చెంబును బోర్లించి నిలువుగా నీటిలో ముంచినచో లోపలి గాలి నీటిని పూర్తిగా రానీయదు; గంటయు అట్టిదే. కాని రెండు చిక్కులున్నవి. లోతునకు పోయినకొలది నీటి ఒత్తిడిచే గాలి కుంచించుకొనిపోవును. 33 అడుగుల లోతున సగమగును, తక్కిన సగమును నీరు ఆక్రమించును. మిగిలిన ఆ కొంచెము గాలియు మనుష్యుల శ్వాసచే వేడెక్కి చెడిపోవును.

హేలీ చేయించిన గంట కొయ్యది. మీద సీసపు రేకు తొడిగిరి. పైన 3 అడుగులు, క్రింద 5 అడుగులు వెడల్పును, 8 అడుగులు ఎత్తును గలది. వెలుతురుకొఱకు పైభాగమున దళమైన గాజుబిళ్లను, దానితోబాటు చెడుగాలి పోవుటకు ఒక కుళాయిని అమర్చెను. ఇక మంచిగాలి మాట. ఒక్కొక్కటి 36 గ్యాలనులు పట్టు రెండు పీపాలకు సీసము తొడిగించి, నూతిలో రెండు చేదలు ఒకటి దిగుచుండగా ఒకటి ఎక్కునట్లు, వానిని మార్చి మార్చి గంటయొద్దకు దింపించెను. పీపా అడుగున నొక రంధ్రము ఎల్లప్పుడు తెఱచియే యుండును. మీదిభాగమున మైనమును నూనెయు పట్టించిన తోలుగొట్టము కట్టియుండును.

ఇచ్చటనే ఆయన బుద్ధికుశలత చూడవలెను. ఆ గొట్టమునకు కవాటము లేదు, బిరడా లేదు. అడుగు రంధ్రముకంటెను క్రిందికి దాని కొన బరువుతో వ్రేలాడుచుండును. అట్లున్నంతవఱకు గాలి బయటికి రానేరదు. గంటలోనివాడు గొట్టపుకొనను అందుకొని పైకెత్తినతోడనే, క్రిందనుండి నీరు త్రోయగా గాలి గంటలోనికి దూసికొనివచ్చును. వాని చేయి జాఱినను భయము లేదు. కొన మరల క్రిందికి పడును, గాలి నిలిచిపోవును. కాని పైనున్న కుళాయి అట్టిది కాదు. దానిని తెఱచి మఱచినచో గాలియంతయు పోయి సముద్రము లోనికెక్కును. ఐదుగురి ప్రాణములు ఆ చిన్న కుళాయి త్రిప్పువాని మెలకువయందుండెను.

సుమారు 12 అడుగులు దిగినపుడెల్ల నిలిచి, మూడు నాలుగు పీపాల గాలి తీసికొని, చొచ్చిన నీటిని వెడలగొట్టి, మరల దిగుచు, 9, 10 బారల లోతునకు వారు చేరిరి. చెవులు దుర్భరముగా నొచ్చెను. అంతకుమించి కీడు కలుగలేదు. అంతలోతున అంతసేపుండినవారు మిక్కిలి మెల్లగా పైకి రావలెనని, లేనిచో రక్తమున గాలిబుడగలేర్పడి ప్రాణమునకే ముప్పు రావచ్చునని ఆ కాలమున ఎవరును ఎఱుగరు. దానికి సరియైన లెక్కలను హాల్డేను పండితుడు 1908 లో ప్రకటించెను. హేలీ బృందము క్షేమముగా వచ్చుట అదృష్టమనియే నా యభిప్రాయము.

గంట విడిచి నడచువానికొఱకు ఆయన సీసపు టోపినిచేయించి, గంటలోని గాలి వచ్చుటకు దానికి గొట్టము తగిలించెను. ఆ గొట్టమునకు మాత్రము కుళాయి పెట్టక తప్పలేదు. మనిషి వంగి గంటలోని నీటిమట్టముకంటె క్రిందికి పోయెనా, టోపిలోని గాలి వెనుకకు పోవును. అప్పుడు కుళాయి మూయవలెను.

నేటి స్కూబా ఈతగాడు వీపున గాలిసిలిండరు మోయును. అది వట్టిపోయినను చెడినను అక్కఱకు వచ్చునట్లు చిన్న సిలిండరు నొకదానిని వెంటగొనుట కలదు. దాని వాల్వు వేఱుగా నుండవలెను, పిడి చేతికందవలెను. వాల్వులు ముఖ్యముగా రెండువిధములు. ఒకదానిపై శ్వాసయంత్రమును చట్రముతో బిగింతురు. రెండవదానిలోనికి మరవలె త్రిప్పుదురు. మరలో రబ్బరు వలయము లోపలనే చిక్కుకొనియుండును గనుక రాతికి తగిలినను సులభముగా జాఱదు. అధికమైన ఒత్తిడికిని అదియే తగినది. అయినను పెద్ద సిలిండరునకు ఏ విధమున్నదో చిన్నదానికిని అదియే యుండుట మేలు. అవసరమైనచో ఒకదాని యంత్రమును రెండవదానికి మార్చుకొనవచ్చును.

హేలీ తన గంట వృత్తాంతమును 1716 లో రాయల్ సొసైటీ పత్రికయందు ప్రకటించెను. ఈ నడుమ ఓడనాయకుడై అట్లాంటికు సముద్రమున తిరిగి, దిక్సూచి వంపులను చూపు పటమును 1701 లో అచ్చొత్తించెను; ఆక్సుఫర్డులో ఆచార్యుడయ్యెను; 1720 లో రాజజ్యోతిష్కుడై మరణపర్యంతము ఆ పనిలో నుండెను. 1682 లో తాను చూచిన తోకచుక్క 1758 లో మరల వచ్చునని 1705 లోనే గణించి చెప్పెను. 1742 జనవరిలో ఆయన మరణించెను. 1758 క్రిస్మసు రాత్రి జర్మనీలో పాలిట్ష్ అను రైతు ఆ తోకచుక్కను మొట్టమొదట కనుగొనెను.