ఏకైక గ్రంథకర్త సాదీ కార్నో

గులిస్తాన్, బూస్తాన్ గ్రంథాలను రచించిన షిరాజు మహాకవి సాదీ నామధేయం మన ఉర్దూ విద్యార్థులకు సుపరిచితమే. ఆ కవి పేరునే ధరించిన ఫ్రెంచి ఇంజనీరు ఒకరున్నారనీ, ఉష్ణగతిక శాస్త్రానికి పునాది వేసినది ఆయనేననీ ఎరిగినవారు కొద్దిమందే. పరిశోధకుని ప్రతిభను అచ్చయిన పత్రాల సంఖ్యతోనూ, వాటిని ఇతరులు ఉల్లేఖించిన పర్యాయాలతోనూ కొలుస్తున్న ఈ కాలంలో ఆయన జీవితాన్ని స్మరించడం సముచితమని మేము భావిస్తున్నాము.

సాదీ కార్నో 1796 జూన్ 1వ తేదీన పారిస్ నగరంలో జన్మించారు. తండ్రి లజార్ కార్నో ఫ్రెంచి విప్లవ సేనలను తీర్చిదిద్దిన రాజకీయవేత్త. యంత్రాలను గురించి గ్రంథం వ్రాసిన గణితజ్ఞుడు కూడా. పారశీక కవిపై గల అభిమానంతో ఆయన కుమారునికి ఆ పేరు పెట్టారు. సాదీ పదహారవ యేట, 1812లో, సుప్రసిద్ధమైన ఎకోల్ పాలిటెక్నిక్‌లో ప్రవేశించి, అనంతరం మెట్జ్ నగరంలో సైనిక ఇంజనీరింగు అభ్యసించారు.

నెపోలియన్ పతనంతో 1815లో ఆ కుటుంబ వైభవం అంతరించింది. తండ్రి ప్రవాసానికి వెళ్ళి 1823లో జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో కన్నుమూశారు. సైన్యంలో కుమారునికి ఎదుగుదల లేకపోయింది. 1819లో అర్ధవేతనంపై విరామం పొంది, పారిస్‌లో శాస్త్రాధ్యయనానికి అంకితమయ్యారు.

ఆనాడు ఇంగ్లండులో ఆవిరి యంత్రాలు గనుల నుండి నీటిని తోడుతూ, మిల్లులను నడుపుతూ ఆ దేశాన్ని సంపన్నం చేస్తున్నాయి. వాటిని మెరుగుపరచడం ఎట్లా అని పలువురు ఆలోచించారు. కార్నో అంతకంటె మౌలికమైన ప్రశ్న వేశారు: ఉష్ణం నుండి లభించే పనికి హద్దు ఉన్నదా? నీరు ఎత్తు నుండి పల్లానికి జారుతూ చక్రాన్ని త్రిప్పినట్లే, ఉష్ణం అధిక తాపం నుండి అల్ప తాపానికి దిగుతూ పని చేస్తుందని ఆయన ఊహించారు. ఆ పనికి గరిష్ఠ పరిమితి ఉన్నదనీ, అది ఆ రెండు ఉష్ణోగ్రతలపైనే గాని యంత్రంలోని పదార్థంపై ఆధారపడదనీ నిరూపించారు. తరువాతివారు రూపొందించిన సూత్రం ప్రకారం 540 డిగ్రీల, 30 డిగ్రీల సెల్సియస్ మధ్య పనిచేసే ఏ యంత్రమూ నూటికి 63 పాళ్ళకు మించి ఉష్ణాన్ని పనిగా మార్చలేదు. మన రామగుండం విద్యుత్కేంద్రమైనా ఈ నియమానికి లోబడినదే.

అగ్ని యొక్క చోదకశక్తిని గురించిన ఈ ఆలోచనలను ఆయన 1824లో 118 పుటల గ్రంథంగా, సొంత ఖర్చుతో 600 ప్రతులు ముద్రించారు. ప్రశంసాపూర్వకమైన సమీక్ష ఒకటి వెలువడినా, ప్రతులు అమ్ముడుపోలేదు, శాస్త్రలోకం పట్టించుకోలేదు. 1832 ఆగస్టు 24న, ముప్పది ఆరవ యేట, కలరా సోకి ఆయన మరణించారు. అంటువ్యాధి భయంతో ఆయన వస్తువులనూ, కాగితాలలో అధిక భాగాన్నీ దగ్ధం చేశారు.

ఆయన జీవించి ఉన్నంతకాలం మరుగున పడిన ఆ గ్రంథానికి 1834లో క్లాపెరాన్ అనే ఇంజనీరు గణితరూపం కల్పించి, కర్త పేరును స్పష్టంగా పేర్కొన్నారు. ఆ వ్యాసం చదివిన విలియం థామ్సన్, అనగా లార్డ్ కెల్విన్, 1845లో పారిస్ పుస్తకాల దుకాణాలన్నీ వెదకినా మూలగ్రంథం దొరకలేదు. అయినా కార్నో సిద్ధాంతం ఆధారంగానే 1848లో పరమ ఉష్ణోగ్రతా మానాన్ని ప్రతిపాదించారు. 1850లో క్లాసియస్, మూలగ్రంథాన్ని చూడకుండానే, ఆ సిద్ధాంతాన్ని సంస్కరించి ఉష్ణగతిక శాస్త్రపు రెండవ నియమాన్ని వెలయించారు. 1893లో డీజిల్ తన యంత్రాన్ని ప్రతిపాదించినపుడు ఆయన ముందున్న ఆదర్శం కార్నో చక్రమే.

2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ఒక సూచికను ప్రతిపాదించారు. ఒకరి పత్రాలలో పది, ఒక్కొక్కటి కనీసం పది పర్యాయాలు ఉల్లేఖింపబడితే ఆయన సూచిక పది. ఈ లెక్కన, జీవితకాలంలో ఒకే గ్రంథాన్ని ప్రచురించిన కార్నో సూచిక ఆ గ్రంథంతో ఎన్నటికీ ఒకటిని మించదు. 1832లో ఏ నియామక సంఘమైనా ఈ కొలమానంతో చూచి ఉంటే ఆయనను నిరాకరించి ఉండేది.

అట్లని తక్కువ వ్రాసినవారందరూ కార్నోలు కారు. ఉష్ణం అవినాశియైన ద్రవ్యమన్న నాటి నమ్మకంపైనే ఆయన తన గ్రంథాన్ని నిర్మించారు. తరువాత ఆ పొరపాటును గ్రహించి, ఉష్ణం చలనరూపమేనని వ్రాసుకొని, ఉష్ణానికి సమానమైన పనిని సైతం లెక్కించారు. ఆ కాగితాలు తమ్ముడు ఇపోలిత్ ద్వారా 1878లో గాని వెలుగు చూడలేదు. ఆలోగా మేయర్, జౌల్ ఆ సత్యాన్ని కనుగొని లోకానికి చాటారు. అచ్చయినది ఆలస్యంగానైనా బ్రతికింది. అచ్చుకానిది కీర్తిని కోల్పోయింది.

కనుక విద్యార్థులారా, సంఖ్య కోసం వ్రాయవద్దు. కనుగొన్న సత్యాన్ని దాచుకోనూ వద్దు. ఎవరి గ్రంథం నుండి గ్రహించినా వారి పేరు చెప్పడం క్లాపెరాన్ వలె మీ ధర్మంగా ఎంచండి. ఆ ఒక్క పాఠకుని నిజాయితీ లేకుంటే కెల్విన్ ఏ దుకాణంలోనూ ఆ గ్రంథం కోసం అడిగి ఉండేవారు కారు. ప్రతిభను తూచవలసిన పెద్దలకు మా మనవి ఒక్కటే: పత్రాలను లెక్కించుటకు ముందు వాటిని చదువవలసినదిగా కోరుచున్నాము.