కూర్చున్న చోటి నుండే సేవ

వెల్లూరు సి.ఎం.సి. ఆసుపత్రి పేరు వినని తెలుగు సంఘం అరుదు. మన ప్రాంతాల నుండి ఎందరో రైలెక్కి అక్కడికి వెళ్లి స్వస్థత పొంది వచ్చారు. ఆ ఆసుపత్రిలో సేవచేసి, 1986లో ప్రభువు పిలుపునందుకున్న డాక్టర్ మేరీ వర్గీస్ జీవితాన్ని ఈ వారం తలంచుకుందాం.

1925లో కేరళలో పుట్టిన మేరీ వెల్లూరులోనే వైద్యవిద్య చదివి, స్త్రీల వైద్యురాలు కావాలని ఆశపడ్డారు. 1954లో తోటి వైద్యులతో విహారయాత్రకు వెళ్తుండగా వాహనం బోల్తాపడింది. వెన్నెముక దెబ్బతిని నడుము కింది భాగం చచ్చుబడింది. ఇక ఆమె వైద్యవృత్తి ముగిసినట్టేనని చాలామంది అనుకున్నారు.

అప్పుడు డాక్టర్ పాల్ బ్రాండ్ ఆమెకు ఒక దారి చూపించారు. కుష్ఠు వ్యాధితో వంకరపోయిన చేతులను శస్త్రచికిత్సతో సరిచేయడంలో ఆయన దిట్ట. చేతి ఆపరేషన్లు కూర్చునే చేస్తారు గనుక వాటికి కాళ్లతో పనిలేదు. మేరీ చక్రాల కుర్చీలో కూర్చొనే ఆ పని నేర్చుకుని, ఇతరులు తాకడానికే వెనుకాడే చేతులను బాగుచేయసాగారు.

ఈ వ్యాధి నరాన్ని దెబ్బతీసినప్పుడు వేళ్లు గోళ్లలా ముడుచుకుపోతాయి. వైద్యులు బలంగా ఉన్న మరో కండరపు స్నాయువును మళ్లించి వేళ్లకు కలుపుతారు. అయితే కత్తితో జరిగేది సగం పనే. కట్టు విప్పాక, ఒక పని చేసే కండరం చేత మరో పని చేయించడం మెదడుకు కొత్తగా నేర్పాలి. వేళ్లు చాపడం, గ్లాసు పట్టుకోవడం, ముద్ద కలిపి నోటికి అందించుకోవడం వారాల తరబడి సాధన చేయించాలి. పోయిన స్పర్శ మాత్రం ఆపరేషన్‌తో తిరిగి రాదు. అందుకే కాలిన గాయాలు, పుండ్లు ఉన్నాయేమోనని చేతులను రోజూ కళ్లతో చూసుకోవడం కూడా నేర్పాలి.

ఈ ఓర్పు విలువ మేరీకి రోగిగా కూడా తెలుసు. ఆమె ఆస్ట్రేలియాలో తన పనులు తానే చేసుకోవడం నేర్చుకుని, న్యూయార్క్‌లో పునరావాస వైద్యంలో శిక్షణ పొంది తిరిగివచ్చారు. 1963లో వెల్లూరులో ఆ విభాగానికి అధిపతి అయ్యారు. 1966లో అక్కడ పునరావాస కేంద్రం ప్రారంభమైంది. 1972లో ప్రభుత్వం ఆమెను పద్మశ్రీతో గౌరవించింది.

సమాజమందిరంలో ఊచచెయ్యి గలవాణ్ని ప్రభువు అందరి మధ్యన నిలబెట్టాడు. మరి మనం? పక్షవాతంతో చెయ్యి పడిపోయిన సహోదరుని కోసం ప్రార్థిస్తాం, పండు ఇచ్చి వస్తాం. అంతటితో ఆగిపోతాం. ఆయన చేయగల పరిచర్య ఏమిటని అడుగుతున్నామా? చక్రాల కుర్చీలో వచ్చే సహోదరికి మన మందిరపు మెట్లు అడ్డుగా ఉన్నాయేమో చూశామా? మేరీ మళ్లీ నడవలేదు. అయినా ఆమెకు మిగిలిన వాటిని గుర్తించి, పని అప్పగించినవారు ఒకరున్నారు. మన సంఘాల్లో ఆ ఒక్కరు మనమే కావాలి.