హారీ విలియమ్స్ : ఆటకు హద్దు గీసిన మనిషి

సంచికకు ఎవరైనా ఒక గొప్పవాడి జీవితం రాసిమ్మని విద్యార్థి సంఘం కార్యదర్శి మా ఫిజిక్సు డిపార్టుమెంటు గుమ్మంలో నన్ను పట్టుకున్నాడు. నేను చెప్పిన పేరు విని కాస్త తెల్లబోయాడు. రామన్ గారనో, మేడమ్ క్యూరీ అనో అంటాననుకున్నాడు పాపం! నేను హారీ విలియమ్స్ అన్నాను. ఆయన ఏం కనిపెట్టాడు సార్ అని అడిగాడు. పిన్‌బాల్ ఆడేవాడు యంత్రాన్ని మరీ ఎత్తి కుదిపితే ఆట అక్కడికక్కడే ఆగిపోయే ఏర్పాటు కనిపెట్టాడని చెప్పాను. అతనికి నవ్వొచ్చింది. నవ్వదగ్గ విషయమే. కానీ ఆ చిన్న ఏర్పాటుకూ నాకూ మధ్య ఒక పాత బాకీ ఉంది. ముందు అది చెప్పి, తరువాత ఆయన కథలోకి వస్తాను.

మా నాన్నగారు రైల్వేలో సిగ్నల్ మెకానిక్. బైలదిల్లా ఇనుపరాయిని విశాఖ రేవుకు దించడానికి 1960లలో వేసిన కొత్తవలస–కిరండూల్ లైను మీద, అరకులోయలో కొన్నేళ్ళు పనిచేశారు. నా చిన్నతనం ఆ కొండల్లోనే గడిచింది. వారం వారం సంత. తెల్లవారకముందే కొండదొరలూ, పోర్జాలూ, వాల్మీకులూ కావళ్ళతోటీ నెత్తిన గంపలతోటీ దిగేవారు. అల్లం, పసుపు, పిప్పళ్ళు, చింతపండు, అడ్డాకులు ఒకవైపు. మైదానం నుంచి వచ్చిన వర్తకుల ఉప్పు, ఎండుచేపలు, గాజులు, గుడ్డలు మరోవైపు. ఆ సందడిలో ఓ మూల ఒకాయన చెక్కబల్ల ఒకటి ఏటవాలుగా పెట్టుకు కూర్చునేవాడు. బల్ల నిండా మేకులు. మేకుల మధ్య అంకెలు వేసిన గుంటలు. పది పైసలిస్తే మూడు గోళీలు. స్ప్రింగు కడ్డీ లాగి వదిలితే గోళీ పైకి పోయి, మేకులకు తగులుకుంటూ టకటకమని కిందికి దిగేది. పెద్ద అంకె గుంటలో పడితే దువ్వెనో, చిన్న అద్దమో ఇచ్చేవాడు.

గోళీ దిగేటప్పుడు బల్ల అంచును మోకాలితో కాస్త ఎత్తితే అది మనకు కావలసిన గుంటవైపు ఒరుగుతుందని నేను కనిపెట్టాను. ఒకనాడు నా తోటి కుర్రవాడు, కొండ మీది పల్లె నుంచి మా బడికి వచ్చేవాడు, ఆడుతున్నాడు. పక్కన నిలబడి బల్ల ఎత్తింది నేను. బల్లాయన చూశాడు. నన్ను ఒక్క మాటా అనలేదు. రైల్వేబాబుగారి అబ్బాయిని కదా! వాడి చెవి మాత్రం మెలిపెట్టి, వాళ్ళ నాన్న పిప్పళ్ళు అమ్ముకున్న డబ్బులోంచి అర్ధరూపాయి వసూలు చేసి, మళ్ళీ ఆ ఛాయలకు రావద్దన్నాడు. వాడు నావైపు చూశాడు. నేను నోరు విప్పలేదు. తరువాత వాడు బడి మానేశాడు. మా నాన్నగారికి బదిలీ అయింది. అంతే. వాణ్ణి మళ్ళీ చూడలేదు.

ఇక హారీ విలియమ్స్ సంగతి. ఆయన 1909లో న్యూయార్కులో పుట్టాడు. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఇంజనీరింగు చదివాడు. చదువు పూర్తిచేసుకుని బయట పడేసరికి అమెరికాను ఆర్థికమాంద్యం కమ్ముకుంది. ఇంజనీర్లకు కొలువులు లేవు. అయితే, తిండికే కటకటలాడే ఆ రోజుల్లోనే ఒక చిత్రమైన వ్యాపారం పుంజుకుంది. ఫ్రాన్సు దేశపు ప్రభువుల మేడల్లో ఆడుకునే బాగటెల్ అనే బల్లాట ఒకటుండేది. దానికి స్ప్రింగు కడ్డీ అమర్చి, మోంటేగ్ రెడ్‌గ్రేవ్ అనే ఆయన సిన్సినాటిలో 1871లో పేటెంటు తీసుకున్నాడు. అరకు సంతలో నేను చూసిన బల్లకు పెద్దతాత అదేనన్నమాట. 1931లో డేవిడ్ గాట్లీబ్ ఆ ఆటను దుకాణం కౌంటరు మీద పట్టేంత పెట్టెలో ఇమిడ్చి, బాఫిల్ బాల్ అని పేరుపెట్టి, పదిహేడున్నర డాలర్లకు అమ్మాడు. ఒక్క సెంటు వేస్తే ఆట. పని లేనివాడికి అంతకన్నా చవకైన కాలక్షేపం ఏముంటుంది? యాభైవేలకు పైగా పెట్టెలు అమ్ముడుపోయాయి.

విలియమ్స్ లాస్ ఏంజెలిస్‌లో ఈ వ్యాపారంలోకి దిగాడు. కొత్త పెట్టెలు తయారుచేయడానికి డబ్బు లేదు. అందుచేత జనానికి మొహం మొత్తిన పాత యంత్రాలు తీసుకుని, పెట్టె అలాగే ఉంచి, లోపలి పలక మాత్రం కొత్తగా గీసి, మేకులూ గుంటలూ తిరగరాసి మళ్ళీ అమ్మాడు. పాత దాన్ని పారేయకుండా బాగుచేసుకోవడంతోనే ఆయన జీవితం మొదలైందని గుర్తుంచుకోండి. ఈ మాట మళ్ళీ అవసరపడుతుంది.

1930ల మొదట్లో ఆయన అడ్వాన్స్ అనే ఆట తయారుచేశాడు. అందులో గోళీ తగిలితే కదిలే చిన్న చిన్న తలుపులుండేవి. ఒకనాడు ఒక దుకాణంలో ఆ యంత్రం దగ్గర ఆటగాడొకడు గోళీతో పనిలేకుండా, అరచేత్తో పెట్టె అడుగున చరిచి ఆ తలుపుల్ని కదిలిస్తూ పాయింట్లు కొట్టేస్తుండగా విలియమ్స్ కళ్ళబడ్డాడని చెబుతారు. ఆయనకు ఒళ్ళు మండింది. యంత్రాన్ని తెప్పించి, అడుగుచెక్కలోంచి మొనలు కిందికి పొడుచుకు వచ్చేలా మేకులు దిగగొట్టించాడట. ఇక చరిచినవాడి చెయ్యి ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

అయితే ఆయన గొప్పతనం ఆ మేకులు కొట్టించడంలో లేదు. అవి తప్పని తొందరలోనే గ్రహించడంలో ఉంది. ఆటలో చిన్న మోసం చేసినవాడికి చేతికి గాయం శిక్షా? ఆయన మళ్ళీ ఆలోచించాడు. ఈసారి గద్దెలాంటి చిన్న కుదురు మీద ఒక గుండు నిలబెట్టాడు. యంత్రాన్ని మరీ కుదిపితే గుండు జారి కింద పడుతుంది, ఆట చెల్లదు. మొదట దీనికి చాడీకోరు అనే అర్థం వచ్చే పేరేదో పెట్టాడట. ఒక ఆటగాడు గుండు పడిపోవడం చూసి అయ్యో టిల్ట్ చేసేశానే అని వాపోగా విని, ఆ మాటే ఖాయం చేశాడని పరిశ్రమలో చెప్పుకునే కథ. టిల్ట్ అంటే ఒరగడం. ఆ మాట నేటికీ ఉంది.

తరువాత ఆ గుండు స్థానంలో లోలకం వచ్చింది. ఒక లోహపు వలయం మధ్యలోంచి చిన్న లోహపు బరువు వేలాడుతూ ఉంటుంది. మెల్లగా నెడితే అది వలయంలోనే ఊగి ఊరుకుంటుంది. గట్టిగా కుదిపితే వలయానికి తగిలి విద్యుత్ వలయం పూర్తవుతుంది. రిలే పనిచేసి ఆటకు కరెంటు ఆపేస్తుంది. ఫస్టియర్ విద్యార్థికి కూడా అర్థమయ్యే సంగతే. ఇందులోని సొగసంతా కాస్త నెట్టడానికి వీలు మిగల్చడంలో ఉంది. బంతిని ఒడుపుగా మళ్ళించడానికి యంత్రాన్ని చిన్నగా తట్టడం ఆటలో నేర్పు. మరీ ఊపడం మోసం. ఆ రెంటికీ మధ్య గీత గీయడమే హారీ విలియమ్స్ చేసిన పని.

1933లో ఆయన కాంటాక్ట్ అనే ఆటలో కరెంటుకు పని కల్పించాడు. గుంటలో పడ్డ గోళీని సోలినాయిడ్ బయటికి తన్నేది. పాయింటు వస్తే గంట మోగేది. అంతవరకూ భూమ్యాకర్షణ ఒక్కదాని మీదే నడిచిన ఆటకు అలా ప్రాణం వచ్చింది. పరిశ్రమంతా షికాగోలో ఉండడంచేత ఆయనా అక్కడికే చేరాడు. రాక్-ఓలా వంటి కంపెనీలకు ఆటలు రూపొందించాడు. 1942లో లిన్ డ్యూరాంట్‌తో కలిసి యునైటెడ్ అనే కంపెనీ పెట్టాడు. యుద్ధకాలం, కొత్త యంత్రాలకు ముడిసరుకు లేదు. మళ్ళీ పాత యంత్రాలకే కొత్త అద్దం, కొత్త బొమ్మలు వేసి అమ్మే రోజులు. మరుసటి ఏడే విడిపోయి 1943లో సొంతంగా విలియమ్స్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీ స్థాపించాడు.

ఆ 1942లోనే న్యూయార్కు మేయర్ లా గార్డియా పిన్‌బాల్‌ను జూదమని నిషేధించాడు. పోలీసులు యంత్రాల్ని సమ్మెటలతో బద్దలుకొట్టారు. ఆయన మాటలో నిజం బొత్తిగా లేదనలేం. గోళీ వదిలాక ఆడేవాడు చేయగలిగింది ఏమీ లేని ఆటలవి. 1947లో గాట్లీబ్ కంపెనీలో హారీ మాబ్స్ హంప్టీ డంప్టీ అనే ఆటకు ఆరు ఫ్లిప్పర్లు పెట్టాక గాని ఆటగాడి చేతికి అధికారం రాలేదు. ఆ మాబ్స్ తరువాత విలియమ్స్ కంపెనీలోనే పనిచేశాడు. న్యూయార్కులో నిషేధం తొలగడానికి 1976 దాకా పట్టింది. రోజర్ షార్ప్ అనే రచయిత నగరసభ వారి ఎదుట ఆడి, బంతి ఎక్కడికి పోతుందో ముందే చెప్పి పంపి, ఇది నేర్పుతో కూడిన ఆటేనని రుజువు చేశాడు.

అప్పటికి విలియమ్స్ తన కంపెనీని వదులుకుని చాలా ఏళ్ళయింది. 1950ల చివరలో అది ఇతరుల చేతికి వెళ్ళిపోయింది. పేరు మాత్రం ఆయనదే. తన పేరు తలుపుమీద వెలుగుతుండగా తాను బయట ఉండడం ఎలా ఉంటుందో గాని, ఆయన పని మానలేదు. డెబ్భై ఏళ్ళ వయసులో స్టెర్న్ కంపెనీకి ఆటలు గీసి ఇచ్చాడు. 1980లో వచ్చిన ఫ్లైట్ 2000 వాటిలో ఒకటి. అది మాట్లాడే యంత్రం! మేకుల బల్లతో మొదలైన మనిషి మాట్లాడే యంత్రం దాకా వచ్చి, 1983లో కన్నుమూశాడు. ఆయన పేరున్న కంపెనీ 1981లో డిఫెండర్ అనే వీడియో గేముతో ప్రపంచమంతా మోగింది. 1999లో పిన్‌బాల్ తయారీ ఆపేసింది.

కంపెనీ ఆపేసినా యంత్రాలు ఆగలేదు. వాటిని బతికించుకునే అభిమానులు దేశదేశాల్లో ఉన్నారు. వారికి కావలసినవి ఏమిటి? సర్క్యూటు బొమ్మలు, మాన్యువళ్ళు, రబ్బరు చుట్లు, కాయిళ్ళు, బల్బులు, అన్నిటికన్నా ముఖ్యంగా చేతిపని తెలిసిన మరొక మనిషి. పాత వీడియో గేముల చిప్పుల్లోని ప్రోగ్రాములు మాసిపోకుండా కంప్యూటరు మీద నడిపించే మేమ్ అనే సాఫ్టువేరు 1997లో వచ్చింది. లాస్ వేగస్‌లో పాత పిన్‌బాల్ యంత్రాల్ని అద్దాల వెనక దాచకుండా నాణెం వేసి ఆడుకోనిచ్చే మ్యూజియం 2006లో తెరిచారు.

నేను పిన్‌బాల్ యంత్రాన్ని మొదటిసారి చూసింది ఎమ్మెస్సీ చదివే రోజుల్లో, విశాఖలో, పేరు అక్కరలేని ఒక వినోదశాలలో. పాడై మూల పడివుంది. మా నాన్నగారి వెంట సిగ్నల్ గదుల్లో రిలేల కాంటాక్టులు తుడిచిన అనుభవంతో నేను బాగుచేస్తానన్నాను. మూత ఎత్తి చూస్తే రిలేలన్నీ పాత చుట్టాల్లా పలకరించాయి. మూడు రోజులకు దీపాలు వెలిగాయి. కానీ చెయ్యి ఆనిస్తే చాలు, ఆట ఆగిపోతోంది. లోలకం బరువును వలయానికి దాదాపు ఆనేలా బిగించి ఉంచారు, జనం నాణేలు త్వరగా అయిపోవాలని. నేను బరువు సర్ది తిరిగి వదులు చేశాను. యజమాని మళ్ళీ బిగించాడు. హద్దు గీసేవాడికి కూడా ఒక హద్దుండాలని నాకు ఆరోజు తెలిసింది.

ఆ లోలకాన్ని వేలితో కదుపుతూ చాలాసేపు నిలబడ్డాను. ఎత్తిన మోకాలు రైల్వేబాబు కొడుకుదా, కొండ మీది పిల్లవాడిదా అని అది చూడదు. చెవి మెలిపెట్టదు. అర్ధరూపాయి అడగదు. ఎవరు కుదిపినా ఆ ఆట మాత్రం పోతుంది. మరో నాణెంతో మళ్ళీ మొదలుపెట్టవచ్చు. సంతలో ఆ బల్ల కింద అలాంటిది ఒకటుంటే, ఆనాడు పోయేది ఒక ఆట. వాడి పరువు కాదు. యంత్రం లేనిచోట ఆ పని చేయవలసింది నా నోరు. అది చేయలేదు. అందుకే పరీక్ష హాల్లో కాగితం దొరికినప్పుడు, ఏ బెంచీలో కూర్చున్నవాడని చూడకుండా, అది ఎవరి చేతిదో తేల్చుకున్నాకే మాట్లాడడం అలవాటు చేసుకున్నాను. మన విద్యార్థుల్లో కొందరికి నేను ఆలస్యం చేస్తానని కోపం. కారణం ఇదీ.

చివరగా పూర్వ విద్యార్థులకు ఒక మనవి. అమెరికావాళ్ళు తమ యంత్రాల ప్రతి మరనూ భద్రపరుచుకున్నారు. మన సంతల్లో, తీర్థాల్లో తిరిగిన ఆ మేకుల బల్ల నాకు మళ్ళీ ఎక్కడా కనిపించలేదు. మీ అటక మీదో, మీ ఊరి పాత సామాన్ల కొట్లోనో ఒకటి ఉంటే పొయ్యిలో పెట్టకండి. మా డిపార్టుమెంటుకు కబురు చేయండి. కొలతలు తీసి, బొమ్మ గీసి, విరిగిన మేకులు మార్చి, పిల్లలు ఆడుకునేలా నిలబెడదాం. బల్ల కింద లోలకం నేను కడతాను.