మంచుదారి మోటారు: బొంబార్డియర్ జీవితము

మన ప్రాంతములో మంచు అనగా మాఘమాసపు ఉదయాన గడ్డిపరకలపై నిలిచే తడి మాత్రమే. కెనడా దేశములోని క్వెబెక్ రాష్ట్రమున మంచు అట్టిది కాదు. ఇరువదవ శతాబ్దపు తొలి దశకములలో అక్కడి పల్లెలకు శీతాకాలము వచ్చినదనగా దారులు మూసుకొనిపోయినవని అర్థము. మోటారు కార్లను కొట్టాలలో నిలిపి, జనులు గుఱ్ఱపు బండ్లకు చక్రములు తీసి జారుడు పట్టీలు బిగించుకొనేవారు. వైద్యుడు రావలెనన్నా, ఉత్తరము చేరవలెనన్నా గుఱ్ఱము కాళ్ళపైనే ఆధారము. అట్టి పల్లెలలో ఒకటైన వాల్కూర్‌లో 1907 ఏప్రిల్ 16న జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియర్ జన్మించాడు. ఎనిమిదిమంది సంతానములో అతడే పెద్దవాడు.

బాల్యము నుండి అతని చేతికి అందిన గడియారము గాని, బొమ్మ గాని విడిభాగములు కాకుండా మిగలలేదు. ఇంటి వస్తువులను కాపాడుకొనుటకో, కుమారుని ఉత్సాహము చూచియో, తండ్రి అతనికి పాడైపోయిన ఒక ఫోర్డు కారు ఇంజను ఇచ్చాడు. బాగుచేయుటకు వీలులేదని పెద్దలు వదలివేసిన ఆ ఇంజనును పదిహేనేండ్ల బాలుడు బాగుచేసి, నాలుగు జారుడు పట్టీల చట్రముపై నిలిపి, వెనుక చెక్కతో చెక్కిన విమానపు పంకా బిగించాడు. 1922 సంవత్సరాంతమున ఆ వాహనము వాల్కూర్ వీధిలో గర్జిస్తూ సాగినది. తమ్ముడు ముందు కూర్చుండి దారి మళ్ళించగా అన్న ఇంజను చూచుకొన్నాడు. వెనుక విప్పారి తిరుగుతున్న పంకాను చూచి తండ్రి భయపడి, వెంటనే దానిని విప్పివేయుమని ఆజ్ఞాపించాడు. తండ్రి భయము న్యాయమైనదే అని మా అభిప్రాయము.

ఆర్మాండ్‌ను మతగురువుగా చేయవలెనని ఇంటివారి కోరిక. షెర్బ్రూక్ పట్టణములోని విద్యాలయమునకు పంపారు గాని పదిహేడవ యేట అతడు అది విడిచి మెకానిక్కు పని నేర్చుకొనుటకు వెళ్ళాడు. 1926లో, పందొమ్మిదవ యేట, స్వగ్రామములోనే సొంత గ్యారేజీ తెరచాడు. వేసవిలో కార్లు, పంపులు, వ్యవసాయ యంత్రములు బాగుచేయుట. శీతాకాలములో గిరాకీ తగ్గగానే తన మంచు వాహనముతో కుస్తీ. 1929లో ఇవోన్ లాబ్రెక్ అను యువతిని వివాహమాడాడు.

1934 శీతాకాలములో ఆ ఇంటిపై పిడుగు పడినది. రెండేండ్ల కుమారునికి కడుపులో పేగు వాచి చీము పట్టినది. శస్త్రచికిత్స జరుగవలెనన్న సుమారు యాభై కిలోమీటర్ల దూరములోని షెర్బ్రూక్ ఆసుపత్రికి చేరవలెను. దారులన్నీ మంచుతో పూడిపోయినవి. ఆ దారిని దాటుటకై ఉద్దేశించిన వాహనము ఆ తండ్రి గ్యారేజీలోనే ఉన్నది. కాని అది ఇంకను పూర్తి కాలేదు, దాని ఇంజను విప్పబడి ఉన్నది. బాలుడు మరణించాడు.

ఈ దుఃఖము వలననే మంచు వాహనము పుట్టినదని కొందరు కథగా చెప్పుకొంటారు. మేము అట్లు తలచుట లేదు. అప్పటికి పదేండ్లకు పైగా ఆయన ఆ ప్రయత్నములోనే ఉన్నాడు. విప్పిన ఇంజను ముందు నిలిచి, చేతిలో విద్య ఉండియు చేతకాని తండ్రి అనుభవించిన దానికి ఏ యంత్రమును బదులుగా చూపుట మాకు న్యాయముగా తోచదు.

ఆయనను అంతకాలము వేధించిన చిక్కు ఇది: బరువైన బండి మంచులో కూరుకుపోవును, చక్రము తిరిగినా పట్టు చిక్కదు. 1935 ప్రాంతమున దీనికి మార్గము కుదిరినది. రబ్బరు తొడిగిన పండ్లచక్రము, దాని చుట్టు తిరిగే రబ్బరు పట్టా, పట్టాకు అడ్డముగా ఉక్కు కమ్ములు. రబ్బరు మెత్తన వలన పండ్ల సందులలో మంచు గడ్డకట్టి బిగుసుకొనలేదు. బండి బరువు పట్టా పొడవునా పరచుకొన్నది. 1937లో దీనికి పేటెంటు లభించినది. ఏడుగురు కూర్చొనగల బండి, తరువాత పన్నెండుగురి బండి వెలువడినవి. వైద్యులు, తపాలావారు, పాఠశాలల వారు వాటిని కొన్నారు. 1942లో కంపెనీ ఏర్పడినది. యుద్ధకాలములో సైన్యమునకు కూడ వాహనములు తయారైనవి. ఇంతలో 1948లో పల్లె రోడ్లపై మంచు తొలగించవలెనని ప్రభుత్వము నిశ్చయించుటతో గిరాకీ ఒక్కసారిగా పడిపోయినది. ప్రజలకు మేలు, కంపెనీకి నష్టము. ఆయన చిత్తడినేలలలోను అడవులలోను తిరిగే బండ్లవైపు మళ్ళి, 1953లో మస్కెగ్ అను ట్రాక్టరును తెచ్చాడు.

ఒకరిద్దరు మాత్రమే ఎక్కే చిన్న బండి చేయవలెనన్న తొలినాటి కల మిగిలియే ఉన్నది. తేలికైన ఇంజనులు దొరికిన తరువాత, కుమారుడు జెర్మేన్ రూపొందించిన అతుకులేని రబ్బరు పట్టాతో, 1959లో అది నెరవేరినది. కుక్కలు లాగే బండికి బదులు కనుక స్కీ-డాగ్ అని పేరు పెట్టగా అచ్చుతప్పు వలన స్కీ-డూ అయినదని అంటారు. తొలి ఏట 225 బండ్లు అమ్ముడైనవి.

ఆ పాత బండ్లను నేటికీ కాపాడుకొనువారు కలరు. వారి తంటాలు తెలిసికొన్నచో మన విద్యార్థులు నవ్వుకొందురు. ఒకప్పుడు మన వీధులలో తిరిగిన రెండు స్ట్రోకుల స్కూటరు తంటాలే అవి. తొలి స్కీ-డూకు నాలుగు స్ట్రోకుల ఇంజను ఉండగా, కొద్ది యేండ్లలోనే ఆస్ట్రియా దేశపు రోటాక్స్ రెండు స్ట్రోకుల ఇంజను వచ్చినది. పెట్రోలులో నూనె కలిపి పోయవలెను. ఇంజను అంటుకొననిచో ముందుగా ప్లగ్గు విప్పి చూడవలెను. అది తడిసి ఉన్నచో పెట్రోలు వచ్చుచున్నది, నిప్పురవ్వ లేదు, లేదా పెట్రోలు మితిమీరినది. పొడిగా ఉన్నచో పెట్రోలు చేరుట లేదు. సిలిండరులో రెండు చుక్కలు పోసి తాడు లాగగా రెండు క్షణములు పలికి ఆగిపోయినచో దోషము కార్బ్యురేటరులోనో, పెట్రోలు దారిలోనో ఉన్నట్లు.

ఎగుడుదిగుడు మంచుపై ఎట్లు వంగినను పనిచేయవలెనని, నాటి అనేక బండ్లకు లోపల తేలుడు బుడ్డి లేని టిల్లాట్సన్ కార్బ్యురేటరు అమర్చేవారు. అందు పలుచని పొర ఒకటి కదలుచు పెట్రోలును పీల్చి అందించును. ఆ కదలికకు బలము ఇంజను అడుగు గదిలోని ఒత్తిడి నుండి ఒక సన్నని గొట్టము ద్వారా వచ్చును. ఏండ్లు గడచిన కొలది పొర బిరుసెక్కును, గొట్టము పగులును, నిలువ పెట్రోలు జిగురై జెట్టు రంధ్రమును పూడ్చును. జెట్టులోనికి తీగ గుచ్చరాదు, రంధ్రము పెద్దదగును. కడిగి, ఊదవలెను.

ఇచ్చట ఒక ప్రమాదము కలదు. గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైనచో బండి కొంతసేపు మరింత చురుకుగా పరుగెత్తినట్లు తోచును. కాని నూనె వచ్చేది పెట్రోలుతోనే కదా! పెట్రోలు తగ్గిన నూనె కూడ తగ్గి, పిస్టను వేడెక్కి సిలిండరుకు కరచుకొనును. చలిగాలి సాంద్రత ఎక్కువ కనుక వెచ్చని దినమున సరిచేసిన మరలు గడ్డకట్టే దినమున సరిపోవు. ఊరికి దూరముగా, సున్నకు ముప్పది డిగ్రీల దిగువన ఇంజను ఆగుట అనగా అక్కడ మనిషి ప్రాణమునకే ముప్పు.

ఈ చిన్న బండి తొలి నమూనాలలో ఒకదానిని ఆయన 1959లో ఉత్తర ఒంటారియోలోని అడవి గ్రామమునకు, మతసేవలో ఉన్న తన మిత్రునికి, స్వయముగా తీసికొనిపోయి ఇచ్చాడు. స్కీ-డూ ప్రపంచమంతట వ్యాపించుటను చూచుటకు మాత్రము ఆయన నిలువలేదు. 1964 ఫిబ్రవరి 18న, యాభైయారవ యేట, కాన్సరు వ్యాధితో మరణించాడు. అప్పటికి నలుబదికి పైగా పేటెంట్లు ఆయన పేర ఉన్నవి. వాల్కూర్‌లో 1971లో ఆయన పేర ఒక ప్రదర్శనశాల వెలసినది. 1926 నాటి ఆ చిన్న గ్యారేజీని అక్కడ భద్రపరచినారు.