మోటారు విప్పి చూసిన జి.డి. నాయుడు



పాత పికప్ బండి పొద్దున్నే మొరాయించడం పిడుగురాళ్లలో మీకు కొత్త కాదు. పోయిన నెల మా వీధిలో అదే జరిగింది. సెల్ఫ్ కొడితే 'టక్' మని శబ్దం వచ్చింది కానీ ఇంజిన్ తిరగలేదు. ఓనరుగారు కొత్త బ్యాటరీ కొనాల్సిందేనని దిగులుపడ్డారు. మెకానిక్ మాత్రం హెడ్‌లైట్లు వేసి మళ్లీ సెల్ఫ్ కొట్టమన్నాడు. లైట్లు బాగా డిమ్ అయ్యాయి. అలా అయితే బ్యాటరీలో చార్జి తగ్గి ఉండాలి, లేదా కనెక్షన్ సరిగా లేకపోయి ఉండాలి. లైట్లు తగ్గకుండా వెలుగుతుంటే స్టార్టర్ వైపు చూడాలట. బానెట్ ఎత్తితే టెర్మినల్ మీద తెల్లటి పొడి పేరుకుని ఉంది. మన ఊళ్లో తెల్లగా కనిపించేదంతా సున్నమే అనుకుంటాం కదా, ఇది మాత్రం టెర్మినల్‌కు పట్టిన తుప్పు. ముందు నెగటివ్ వైరు విప్పి, రెండు టెర్మినల్స్ శుభ్రంగా గీకి బిగించాడు. బండి స్టార్ట్ అయింది.

పక్కనే నిలబడ్డ ఏడో తరగతి బాబు ఒక ప్రశ్న అడిగాడు. లైట్లు వెలిగినప్పుడు ఇంజిన్ ఎందుకు తిరగలేదు? లైట్లకు కొద్దిపాటి కరెంటు చాలు. సెల్ఫ్ లోపల ఉన్నది ఒక మోటారు. ఇంజిన్‌ను కదిలించే ఆ కొద్ది సెకన్లలో అది వంద ఆంపియర్లకు పైగా లాగుతుంది. టెర్మినల్ దగ్గర కొంచెం అడ్డు ఉన్నా అంత కరెంటు అందదు. మెకానిక్ ఇది చెబుతుంటే నాకు జి.డి. నాయుడు గారు గుర్తొచ్చారు.

గోపాలస్వామి దొరైస్వామి నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో, తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో పుట్టారు. బడి ఆయనకు రుచించలేదు, చదువు ప్రాథమిక తరగతులతోనే ఆగిపోయింది. ఒకరోజు ఒక ఆంగ్లేయ అధికారి నడుపుతున్న మోటారు సైకిల్ కంటపడింది. ఎద్దు గానీ గుర్రం గానీ లేకుండా బండి ఎలా పోతోందో ఆ కుర్రాడికి అంతుపట్టలేదు. కోయంబత్తూరు వెళ్లి హోటల్లో సర్వర్‌గా చేరి, ఏళ్ల తరబడి డబ్బు కూడబెట్టి అలాంటి బండే కొన్నారు. కొన్నాక ఏం చేశారో తెలుసా? మొత్తం విప్పేశారు. మళ్లీ బిగించారు. మెకానిక్ అయింది అలాగే. అది మన ఇంట్లో జరిగి ఉంటే ఆ పిల్లవాడికి ఎన్ని చీవాట్లు పడేవో!

1920లో ఒక బస్సు కొని పొల్లాచ్చి, పళని మధ్య నడిపారు. అదే యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే పెద్ద సంస్థగా ఎదిగింది. 1937లో డి. బాలసుందరం గారితో కలిసి కోయంబత్తూరులోని పీలమేడులో ఎలక్ట్రిక్ మోటారు తయారు చేశారు. దేశంలో తయారైన మొదటి మోటారు అదేనంటారు. అది బండి సెల్ఫ్ కోసం చేసింది కాకపోయినా తిరిగే సూత్రం ఒకటే. చిన్న మోటారుతో నడిచే షేవింగ్ రేజర్ కూడా చేశారు. 1952లో 2,000 రూపాయలకే రెండు సీట్ల కారు ఇస్తానంటే ప్రభుత్వం లైసెన్స్ ఇవ్వలేదు.

ఇక్కడ బి.ఇడి. చదివిన నాకు కాస్త ఇబ్బంది కలిగించే సంగతి ఒకటుంది. బడి మానేసిన ఆయనే 1945లో ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్ పెట్టడానికి విరాళమిచ్చి, అక్కడి కాలేజీకి ప్రిన్సిపాల్ కూడా అయ్యారు. నాలుగేళ్ల ఇంజనీరింగ్ చదువు కాలం వృథా అనీ, చేత్తో పని నేర్పితే రెండేళ్లు చాలనీ ఆయన వాదన. ప్రభుత్వం ఒప్పుకోలేదు, ఆయన తప్పుకున్నారు. అన్ని చదువులకూ ఆ లెక్క సరిపోతుందని నేను అనుకోను. అయినా, బల్ల కింద కాలిక్యులేటర్ విప్పుతున్న విద్యార్థి దగ్గర ఈ మధ్యే నేను స్క్రూడ్రైవర్ లాక్కున్నాను. అది ఎలా పనిచేస్తుందని అతన్ని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

నాయుడు గారు 1974 జనవరి 4న కన్నుమూశారు. వేసవిలో ఊటీ వెళ్లేటప్పుడు కోయంబత్తూరులో దిగితే, అవినాశి రోడ్డులో ఆయన పేరిట ఉన్న మ్యూజియం పిల్లలకు చూపించండి. ఆ స్క్రూడ్రైవర్ ఇంకా నా డెస్క్‌లోనే ఉంది. సోమవారం ఇచ్చేస్తాను.