రైళ్లు ఆపించిన లాయర్.. రాష్ట్రపతి అయ్యాక దేశమంతా రైళ్లు ఆగాయి! వి.వి.గిరి జీవితంలో ఊహించని మలుపు

1974 మే 8. బెజవాడలో రోళ్లు పగిలే ఎండలు. ఆ రోజు నుంచి దేశవ్యాప్తంగా రైల్వే సమ్మె. సుమారు 17 లక్షల మంది ఉద్యోగులున్న సంస్థలో డ్రైవర్లు, ఫైర్‌మన్లు, గ్యాంగ్‌మన్లు పని ఆపేశారు. ప్రభుత్వం మాత్రం తగ్గేదే లేదంది. వేల మందిని జైళ్లలో పెట్టింది.

అప్పుడు రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది ఎవరో తెలుసా? దాదాపు 50 ఏళ్ల కిందట ఇదే రైల్వే కార్మికుల కోసం యూనియన్ పెట్టి, సమ్మె నడిపించి, గెలిపించిన మనిషి. మన తెలుగాయనే. వరాహగిరి వెంకటగిరి.

బరంపురం టు డబ్లిన్

1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు గిరి. ఇప్పుడది ఒడిశాలో ఉంది కానీ అప్పట్లో మద్రాస్ ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా. తండ్రి జోగయ్య పంతులు పేరున్న లాయర్. కొడుకూ అదే దారిలో వెళ్లాలని 1913లో ఐర్లాండ్ వెళ్లారు. డబ్లిన్‌లో లా చదువుతుండగానే అక్కడి స్వాతంత్ర్య పోరాటం ఆయన్ని పట్టేసింది. యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన థామస్ మెక్‌డొనా లాంటివాళ్లను 1916 ఈస్టర్ తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం కాల్చి చంపింది. గిరి మీదా అనుమానం పడింది. దేశం వదిలి వెళ్లమన్నారు. అలా 1916లో ఇంటికొచ్చి ప్రాక్టీస్ పెట్టారు. సహాయ నిరాకరణ రోజుల్లో దాన్ని వదిలేసి ఉద్యమంలోకి దిగారు.

లాయర్‌కి రైళ్లతో పనేంటి?

ఇంతకీ రైల్వే కార్మికులు ఆయన దగ్గరికి ఎలా వచ్చారు? ఒక్కసారి మ్యాప్ చూస్తే అర్థమవుతుంది. బెజవాడ నుంచి వాల్తేరు దాకా లైను మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే కంపెనీది. వాల్తేరు దాటితే బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, అంటే బి.ఎన్.ఆర్. ఆ లైను గిరి సొంతూరు బరంపురం మీదుగానే కలకత్తా వైపు వెళ్తుంది. బి.ఎన్.ఆర్ పెద్ద వర్క్‌షాప్ ఖరగ్‌పూర్‌లో. అక్కడికి శ్రీకాకుళం, విశాఖ, గంజాం వైపు నుంచి తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో పనికి వెళ్లారు. ఈ రోజుకీ ఖరగ్‌పూర్‌లో తెలుగు వినబడుతుందంటే కారణం అదే.

ఆ కంపెనీ కార్మికులను కూడగట్టి సంఘం పెట్టారు గిరి. 1920ల్లో ఏర్పడిన ఆల్ ఇండియా రైల్వేమెన్స్ ఫెడరేషన్ వ్యవస్థాపకుల్లోనూ ఆయన ఒకరు. చాలా ఏళ్లు దానికి జనరల్ సెక్రటరీ. 1926లో ఏఐటీయూసీ అధ్యక్షుడయ్యారు. 1927లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సదస్సుకూ వెళ్లారు.

అసలు పరీక్ష 1927-28లో వచ్చింది. బి.ఎన్.ఆర్ యాజమాన్యం ఉద్యోగాల్లో కోత పెట్టింది. తీసేసినవాళ్ల కోసం గిరి సమ్మె నడిపించారు. రాయి విసరకుండా, పట్టా పీకకుండా నడిచిన సమ్మె అది. చివరికి కంపెనీ, ప్రభుత్వం దిగొచ్చాయి. రెండో రౌండ్ టేబుల్ సమావేశానికి 1931లో ఆయన కార్మికుల ప్రతినిధిగా లండన్ వెళ్లారంటే ఈ పేరు వల్లే.

బొబ్బిలి రాజాపై గెలుపు.. ఆపై జైలు

1937 ఎన్నికలు. మద్రాస్ ప్రధానిగా ఉన్న బొబ్బిలి రాజాపై ఆయన సొంత గడ్డ మీదే పోటీకి దిగి ఓడించారు గిరి. జమీందారును యూనియన్ నాయకుడు ఓడించడం అప్పట్లో మామూలు సంగతి కాదు. రాజాజీ మంత్రివర్గంలో కార్మిక శాఖ దక్కింది. 1939లో యుద్ధం రావడం, కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేయడం.. అక్కడితో ఆ పదవి అయిపోయింది. క్విట్ ఇండియా సమయంలో అరెస్టయి, వెల్లూరు, అమరావతి జైళ్లలో మూడేళ్లున్నారు. 1945లో బయటికొచ్చారు. ఈ అమరావతి మన గుంటూరు పక్కనున్నది కాదు, బేరార్ ప్రాంతంలోది.

ఆయన జైల్లో ఉండగానే రైల్వేలో ఇంకో కథ మొదలైంది.

యుద్ధం తెచ్చిన ఇంజిన్లు

యుద్ధంలో మన రైల్వే నలిగిపోయింది. ఇంజిన్లు, వ్యాగన్లు, ఆఖరికి పట్టాలు కూడా పీకి మధ్యప్రాచ్యానికి పంపారు. ఇక్కడ సైన్యం సరుకు, బొగ్గు, ధాన్యం లాగడానికి ఇంజిన్లు చాలలేదు. దాంతో యుద్ధం చివరి ఏళ్లలో అమెరికా, కెనడా ఫ్యాక్టరీల నుంచి గూడ్స్ స్టీమ్ ఇంజిన్లు వందల సంఖ్యలో ఓడలెక్కి వచ్చాయి. అమెరికావి ఏ.డబ్ల్యూ.డి, కెనడావి సి.డబ్ల్యూ.డి. పేరులోనే ఉంది సంగతి. అమెరికన్ వార్ డిజైన్, కెనడియన్ వార్ డిజైన్.

ముందు 2 చక్రాలు, మధ్యలో బరువు లాగేవి 8, వెనక 2. సోకుల్లేవు. త్వరగా తయారవ్వాలి, తేలిగ్గా రిపేరవ్వాలి, బరువు లాగాలి.. అంతే లెక్క. యుద్ధం కోసం చేసినవి కదా, యుద్ధం అయ్యాక తుక్కుకు పోతాయనుకుంటారు ఎవరైనా. పోలేదు. దేశంలోని బ్రాడ్‌గేజ్ రైల్వేలకు పంచారు. 1950 నుంచి చిత్తరంజన్‌లో మన సొంత ఇంజిన్లు తయారవడం మొదలైనా, ఆ పాత యుద్ధం ఇంజిన్లు 1970ల్లో కూడా గూడ్స్ బళ్లు లాగుతూనే ఉన్నాయి. కొత్తగా వచ్చిన డబ్ల్యూ.జి ఇంజిన్ చక్రాల అమరిక కూడా అదే.

ఇంజిన్ బాగానే పనిచేసింది. మరి దాని మీద నిలబడ్డ మనిషి సంగతేంటి?

ఫైర్‌మన్ చేతిలో ఉండేది పార. టెండర్‌లోంచి బొగ్గు తీసి మండే ఫైర్‌బాక్స్‌లోకి వేస్తూనే ఉండాలి. ఒక్క ట్రిప్పులో టన్నుల లెక్కన. ముందు నుంచి కొలిమి సెగ, పక్క నుంచి వడగాలి. కృష్ణా డెల్టా నుంచి బియ్యం, సింగరేణి వైపు నుంచి బొగ్గు.. ఇవన్నీ కదిలింది ఇలాంటి చేతుల మీదే. పైగా గూడ్స్ బండి అంటే అందరికీ లోకువ. మెయిల్ వస్తే పక్కన పెడతారు, ఎక్స్‌ప్రెస్ వస్తే పక్కన పెడతారు. లూప్ లైన్లో గంటలకు గంటలు ఎదురుచూపులు. మంట మాత్రం ఆరకూడదు. బండి ఎప్పుడు బయల్దేరుతుందో తెలుసు, డ్యూటీ ఎప్పుడు దిగుతామో తెలియదు. 14 గంటలు, 16 గంటలు కూడా అయ్యేది. ఇంటికొచ్చి కునుకు తీస్తుండగానే కాల్ బాయ్ పుస్తకం పట్టుకుని తలుపు కొట్టేవాడు. విజయవాడ సత్యనారాయణపురం లాంటి రైల్వే కాలనీల్లో పెరిగిన పాత తరానికి ఆ తలుపు చప్పుడు కొత్త కాదు.

పనిగంటలకు హద్దు కావాలన్నదే లోకో సిబ్బంది పెద్ద డిమాండ్. 1973 ఆగస్టులో వాళ్లు సమ్మె చేస్తే, డ్యూటీ 10 గంటలకు మించదని ప్రభుత్వం ఒప్పుకుంది. ఒప్పుకున్నది అమలు కాలేదన్న కోపం మరుసటి ఏడాది సమ్మెలో కలిసింది.

మంత్రి పదవి వదిలేశారు

మళ్లీ గిరి దగ్గరికి వద్దాం. 1946లో ప్రకాశం పంతులు మంత్రివర్గంలో చేరారు. స్వాతంత్ర్యం వచ్చాక సిలోన్‌లో హైకమిషనర్‌గా వెళ్లారు. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచి నెహ్రూ ప్రభుత్వంలో కార్మిక మంత్రి అయ్యారు. ఆయన నమ్మకం ఒక్కటే. యాజమాన్యం, కార్మికులు ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలి. ప్రభుత్వం మధ్యలో దూరి తీర్పులు రుద్దకూడదు. దానికి గిరి విధానం అనే పేరే వచ్చింది.

1954లో బ్యాంకు ఉద్యోగుల జీతాలపై ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చింది. గిరి రాజీనామా చేసి బయటికొచ్చేశారు. ఆయన జీవితం మొత్తంలో మెచ్చుకోదగ్గ రోజు ఏదంటే, రాష్ట్రపతిగా ప్రమాణం చేసిన రోజు కంటే ఇదే ముందు వరుసలో ఉంటుంది.

1957లో పార్వతీపురంలో ఓడిపోయారు. ఆ ఓటమిపై కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, అక్కడా ఓడిపోయారు. ఆ తర్వాత ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు గవర్నర్ పదవులు, 1967లో ఉపరాష్ట్రపతి. 1969లో కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డిపై ఇండిపెండెంట్‌గా నిలబడ్డారు. ఇద్దరూ తెలుగువాళ్లే! ఇందిరా గాంధీ అండతో, రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెట్టాక గిరి బయటపడ్డారు. 4,20,077 ఓట్లు ఆయనకి, 4,05,427 రెడ్డి గారికి. ఆ ఎన్నికపై కేసు పడితే రాష్ట్రపతి హోదాలో ఉండి కూడా సుప్రీంకోర్టుకెళ్లి సాక్ష్యం చెప్పారు.

ఆ 20 రోజులు

కట్ చేస్తే 1974. రైల్వేమెన్స్ ఫెడరేషన్, అంటే ఒకప్పుడు గిరి నడిపిన అదే సంఘం, జార్జ్ ఫెర్నాండెజ్ నాయకత్వంలో సమ్మెకు సిద్ధమైంది. బోనస్, మెరుగైన జీతాలు, 8 గంటల పని.. ఇవీ డిమాండ్లు. చర్చలు నడుస్తుండగానే మే 2న ఫెర్నాండెజ్‌ను అరెస్టు చేశారు. సమ్మె మొదలయ్యాక డిఫెన్స్ ఆఫ్ ఇండియా రూల్స్, మీసా ప్రయోగించారు. రైళ్లు నడపడానికి టెరిటోరియల్ ఆర్మీని దించారు. కొన్నిచోట్ల క్వార్టర్ల నుంచి కుటుంబాలను బయటికి పంపారు. మద్రాస్, హౌరా, ఢిల్లీ లైన్లు కలిసే విజయవాడ లాంటి జంక్షన్‌లో ఒక్క గూడ్స్ ఆగితే ఆ దెబ్బ ఎంత దూరం పాకుతుందో చెప్పక్కర్లేదు.

ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలన్నది గిరి జీవితాంతం చెప్పిన మాట. ఆయన రాష్ట్రపతిగా ఉన్నప్పుడే అది జరగలేదు. రాజ్యాంగం ప్రకారం రాష్ట్రపతి మంత్రివర్గం సలహా మీదే నడవాలి, నిజమే. కానీ 1954లో పదవి వదిలేసిన మనిషి 1974లో అందులోనే ఉండిపోయారు. రబ్బర్ స్టాంప్ అని విమర్శకులు పెట్టిన పేరు ఆయన్ని వదల్లేదు. ఆ వయసులో, ఆ కుర్చీలో ఆయన చేయగలిగింది ఎంత అన్నది వేరే లెక్క.

మే 27న సమ్మె విరమించారు. ఏ డిమాండూ నెరవేరలేదు. వేల మంది ఉద్యోగాలు పోయాయి. ఆగస్టు 24న గిరి పదవీకాలం ముగిసింది. 1975లో భారతరత్న ఇచ్చారు.

ఉద్యోగాలు పోయినవాళ్లను 1977లో జనతా ప్రభుత్వం వచ్చాక, మధు దండావతే రైల్వే మంత్రిగా ఉన్నప్పుడు వెనక్కి తీసుకున్నారు. సమ్మెలో అడిగిన బోనస్ 1979లో వచ్చింది. ఇప్పుడు ఏటా దసరా ముందు రైల్వే ఉద్యోగులకు ప్రకటించే బోనస్ అదే.

గిరి 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు. మద్రాస్-విజయవాడ లైన్ మీద కరెంటు తీగలు పడింది కూడా దాదాపు ఆ రోజుల్లోనే.